లేని జీతంలోంచి కోత

మంగళవారం, రాత్రి

ఆకివీడు వైపు ఓ రొయ్యల చెరువు గట్టు మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు కాలిందని, పొద్దున్నే ఆసామి కేక: "ఇంకోసారి ఏరియేటర్ ఆగిందా, రెండు వేలు కోసేస్తాను!" కాపలా ఆయన మేత బస్తా కిందకి దించి, చాలా మర్యాదగా, "ఏ నెల్లోంచి కోత్తారండి?" అన్నాడు. మూడు నెలల జీతం బాకీ మరి. పక్కనున్నవాళ్లందరికీ ఒక్కసారిగా చెక్ ట్రేలు (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లేలు) చూడాల్సిన పని గుర్తొచ్చింది.

ఆ మోటారు కాలింది కాపలా మనిషి నిద్రపోయి కాదు. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండిటి మీదా భారం పడి వైండింగ్, అంటే మోటారు లోపలి తీగచుట్ట, మాడిపోతుంది. ఫేజు పోగానే మోటారుని ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ పెట్టుంటే స్టార్టర్ పడిపోయేది, మోటారు మిగిలేది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది. అప్పుడే ఆగిందా, రొయ్యలు పైకి తేలతాయి, తప్పు కాపలా మీద తేలుతుంది.

బాకీ లెక్కకి వస్తే, నెలకి 15,000 చొప్పున మూడు నెలలకి 45,000. మధ్యలో బియ్యానికీ మందులకీ వాడుకున్నది 6,000. రావాల్సింది 39,000. గొడవంతా ఆ ఆరువేల దగ్గరే. తేదీ లేకుండా పెన్సిల్‌తో రాస్తే పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మే రోజు) నాటికి అది పదివేలవుతుంది. వచ్చేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సుని అదే పేజీలో రాస్తే రెండుసార్లు మినహాయిస్తారు. అడ్వాన్సుకి వేరే పేజీ, వాడకానికి తేదీ, పక్కన ఆసామి పొట్టి సంతకం ఉండాలి. నెలాఖరున ఆ పేజీ ఫొటో తీసి ఆయన వాట్సాప్‌కే పంపాలి. రెండు నీలం టిక్కులు పడితే చాలు, జవాబు అక్కర్లేదు.

కోతకీ ఓ పద్ధతుంది. 2019 వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. జరిమానా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు, అంటే పదిహేను వేలకి 450. అదీ ముందే ప్రభుత్వ అనుమతి తీసుకుని నోటీసు పెట్టిన తప్పులకే, మనిషి చెప్పేది విన్నాకే. మోటారు నష్టం కింద కోయాలన్నా అది అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి. పోయిన ఫేజుకి అతనేం చేస్తాడు?

అసలు తమాషా ఇంకోటి. జరిమానాని తప్పు జరిగిన 90 రోజుల్లోపే వసూలు చేసుకోవాలి, వాయిదాల్లో కుదరదు. వనామీ రొయ్య పంటేమో వంద, నూట ఇరవై రోజులు. "పట్టుబడి అయ్యాక అన్నీ కలిపి చూస్తాం" అనే ఆసామి పంట మొదటి రోజుల్లో వేసిన జరిమానా, జీతం ఇచ్చే రోజుకి మురిగిపోతుంది. జీతం మాత్రం మురగదు, అడగడానికి మూడేళ్ల గడువుంది.

సాయంత్రం ఆసామి మళ్లీ వచ్చాడు. కొత్త మోటారు బిగించారు. ప్రివెంటర్ మాత్రం వచ్చే పంటకట.