మందు ఉండగా ఈ పరిశోధన ఎందుకు?

నేను పరిశోధించే బ్యాక్టీరియా మా ల్యాబ్‌లో లేదు. దాని పేరు ఓరియెన్షియా సుత్సుగముషి. స్క్రబ్ టైఫస్ జ్వరం తెచ్చేది అదే. బతికున్న కణం లోపల తప్ప ఎక్కడా పెరగదు. అమెరికాలో దాన్ని పెంచాలంటే బీఎస్ఎల్-3 అనే గట్టి భద్రత ఉన్న గదులు కావాలి. అందుకని దాని జన్యువుల్లో ఒకదాన్ని మాత్రమే తీసుకుని, రొట్టెలకు వాడే ఈస్ట్‌లో పెట్టి చూస్తాం. అయినా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ పురుగులతో జాగ్రత్తరా" అంటుంది. మా అత్తయ్యకు ఈ జ్వరం వచ్చి ఆస్పత్రిలో పడుకున్నది చూసింది కదా, ఆ భయం ఊరికే పోదు.

నా పనంతా ఆ బ్యాక్టీరియా తయారుచేసే ఓటీడబ్ అనే ప్రోటీన్ మీద. యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీని గుట్టు కొంత విప్పారు. మన కణాలు తీసెయ్యాల్సిన ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే బుల్లి ప్రోటీన్‌ను చీటీలా తగిలిస్తాయి. చొరబడ్డ సూక్ష్మజీవులను గుర్తుపట్టడానికీ ఇవే చీటీలు పనికొస్తాయి. ఓటీడబ్‌లో ఒక భాగం వాటిని కత్తిరిస్తుంది. మరో భాగం యుబిక్విటిన్‌ను మామూలుగా ఎక్కడా కనిపించనంత గట్టిగా పట్టుకుంటుంది. ఇంకో భాగానికి యుబిక్విటిన్‌తో పనే లేదు, అది రాక్1 అనే మన ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. కణం ఆకారాన్ని నిలబెట్టే ఆక్టిన్ పోగులను సర్దేది రాక్1. ఇన్ని పనులూ ఒక్క అణువులోనే!

ఇలాంటిదే స్కాక్. బ్యాక్టీరియా ఒంటిమీద ఉండే ఈ ప్రోటీన్, మన కణాల బయట ఉండే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని కణానికి అతుక్కోవడానికి సాయపడుతుంది. లోపలికి వెళ్లాక అదే ప్రోటీన్ మన కణంలో సరుకులు మోసే డైనీన్ అనే మోటారు ప్రోటీన్లతో జతకట్టి, బ్యాక్టీరియాను కేంద్రకం పక్కకు చేరుస్తుంది. అక్కడే అది పిల్లలు పెడుతుంది.

ఇది చెప్పగానే "ఎంత తెలివో!" అంటారు. నాకు ఆ మాట నచ్చదు. పరీక్షనాళికలో ఒక పని కనిపించినంత మాత్రాన జబ్బులోనూ అదే జరుగుతోందని కాదు. ఒక్కో పనినీ విడిగా నిరూపించాలి. కత్తిరించే చోట ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని అలనీన్ అనే మరోదానిగా మారిస్తే కత్తిరింపు ఆగుతుంది, రాక్1 పని మాత్రం ఆగదు. అలా ఒక్కో భాగాన్నీ పాడుచేసి, ఈస్ట్‌ను చుక్కలు చుక్కలుగా ప్లేటు మీద పెట్టి, 30 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఉంచి, ఏది పెరిగిందో ఏది కుంగిపోయిందో చూస్తాను. శని, ఆదివారాలు దీనికే పోతాయి. ఓరియెన్షియాలోనే ఆ జన్యువును తీసేసి చూసే వీలు ఉంటే ఎంత బాగుండేది! ఇతర బ్యాక్టీరియాల్లో మామూలైన ఆ పద్ధతి ఇందులో ఇంకా కుదరడం లేదు.

అత్తయ్య ఒకసారి అడిగింది: "అయితే దీనికి మందు కనిపెడతావా నాన్నా?"

"మందు ఉందత్తయ్యా. నీకిచ్చారే, డాక్సీసైక్లిన్."

"మరి అంత దూరం పోయి చేసేదేమిటి?"

న్యాయమైన ప్రశ్నే. ఆ మాత్ర ఖరీదైనది కాదు, వేళకు పడితే చాలామంది కోలుకుంటారు. చిక్కంతా ఆ వేళ దగ్గరే. మామూలు వైరల్ జ్వరమో, డెంగీనో, టైఫాయిడో అనుకుంటూ రోజులు గడిపేస్తే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినవచ్చు. టీకా ఇప్పటికీ లేదు. మన రోగనిరోధక శక్తిని ఈ క్రిమి ఎక్కడ అడ్డుకుంటోందో తెలియకుండా మంచి టీకా తయారుచేయడం కష్టం. నా ఈస్ట్ చుక్కలు ఈ ఏడాది జ్వరంతో పడుకున్న వాళ్లకు ఉపయోగపడవని అత్తయ్యకు అలాగే చెప్పాను.

ఉపయోగపడేది ఇంకొకటి ఉంది. ఈ జ్వరాన్ని అంటించేది చిగ్గర్, అంటే మైట్ అనే చిన్న పురుగు పిల్ల. అది కుట్టిన చోట చాలామందికి నల్లటి పెచ్చు కడుతుంది. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ముల కింద వెతకాలి. ఆడవాళ్లు మొహమాటపడి చెప్పరు, హడావిడిలో డాక్టర్లు చూడరు. పెచ్చు లేనంత మాత్రాన జబ్బు లేదనీ అనుకోకూడదు. ఊళ్లో ఎవరికైనా జ్వరం తగ్గలేదని తెలిస్తే, ఇక్కడ నడిరాత్రయినా నేను ముందు అడిగేది అదే: "ఒళ్లంతా చూశారా?"