అబిస్కోలో ఏప్రిల్: కుక్క లాగే పుల్కా స్లెడ్డుతో క్యాంపింగ్, ఈ సీజన్ లాగ్

ఇక్కడ, ఉత్తర స్వీడన్ కొండల్లో, ఏప్రిల్‌ను వసంతం అంటే స్థానికులు ఒప్పుకోరు. స్వీడిష్‌లో దీన్ని వోర్‌వింటర్ అంటారు, అంటే వసంతపు చలికాలం. ఈ ప్రాంతపు ఆదివాసులైన సామీ ప్రజల లెక్కలో ఏడాదికి ఎనిమిది రుతువులు, ఇదీ అందులో ఒకటి. పగలు కళ్లు చెదిరే ఎండ, రాత్రి మైనస్ పది, కాళ్ల కింద మీటరు మంచు. ఈ నెలలో ఇబ్బంది పెట్టేది చలి కాదు, ఎండా తడీ. కింద రాసిన మార్పులన్నీ ఆ రెండింటి కోసమే.

రూటు: అబిస్కో నుంచి కుంగ్స్‌లేదెన్ అనే కాలిబాట మీద దక్షిణంగా. అబిస్కోయౌరె గుడిసె దాకా 15 కి.మీ., అక్కణ్నుంచి అలెస్‌యౌరెకు మరో 20. నేషనల్ పార్కులో గుడారం ఎక్కడ పడితే అక్కడ వేయనివ్వరు, కాబట్టి హద్దు దాటాకే క్యాంపు. కుక్క 24 కేజీల అలాస్కన్ హస్కీ, నాలుగేళ్లది. ఏడాదిన్నర నిండని కుక్కకు బరువు కట్టకూడదు, ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి.

మార్చి చివరి వారం: బరువు, కట్టు

పుల్కా (ఒంటి కుక్క లాగే ప్లాస్టిక్ స్లెడ్డు) సామానుతో మొత్తం 28 కేజీలు. చదునులో బాగానే లాగింది. ఎక్కుడులో మాత్రం పది నిమిషాలకే తోక దించి పక్కకు గుంజడం మొదలైంది. తొమ్మిది కేజీలు మనిషి వీపు మీదికి మార్చి 19కి దించాక నడక నిలకడగా సాగింది. అలవాటైన కుక్కకైనా దాని సొంత బరువు దాటించకపోవడం మేలు.

తాడుతో కడితే దిగుడులో పుల్కా వెనక కాళ్ల మీదికి దూసుకొస్తుంది. అలా ఒకసారి తగిలితే చాలు, కుక్క పుల్కాను చూస్తేనే బెదురుతుంది. గట్టి కర్రలే వాడాలి. పుల్కా ముక్కుకూ వెనక కాళ్లకూ మధ్య కనీసం 50 సెం.మీ. ఖాళీ ఉండాలి. తోక దగ్గర ఒకే కొక్కెం ఉండే ఎక్స్-బ్యాక్ హార్నెస్ (కుక్క ఒంటికి తొడిగే పట్టీలు) కర్రలకు పనికిరాదు, చంకలో ఒరుస్తుంది. రెండు పక్కలా కొక్కేలున్నదే కావాలి. మనిషి పుల్కా వెనక స్కీల మీద, నడుం బెల్టు నుంచి పుల్కాకు సాగే తాడుతో.

ఏప్రిల్ మొదటి వారం: పాదాలు

సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు మంచు వేళ్ల మధ్య ఉండలు కడుతుంది. కుక్క పళ్లతో పీక్కుంటే వెంట్రుకలతో పాటు తోలూ వస్తుంది. పాదం అడుగు మెత్తల మధ్య వెంట్రుకల్ని మెత్తల ఎత్తుకు కత్తిరించాక ఉండలు బాగా తగ్గాయి. గట్టి మంచు పెచ్చు మీద మాత్రం బూటీలు (పాదాల తొడుగులు) తప్పవు. ఐదు రోజులకు 12 వెంట పెట్టుకున్నాం, 9 వాడాం. వెల్క్రోను మణికట్టు దగ్గర, బొటనగోరు తగలకుండా, సన్నగా ఉన్నచోట చుట్టాలి. బిగిస్తే గంటలో పాదం ఉబ్బుతుంది, వదులైతే బూటీ దారిలోనే పోతుంది. ఆగిన ప్రతిసారీ తీసేయాలి. తడిసిన బూటీ గడ్డకడితే అదే గాయం చేస్తుంది.

ముక్కు గులాబీ రంగుదైతే ఎండకు కమిలిపోతుంది. మనం రాసుకునే సన్‌క్రీమ్ దానికి రాయొద్దు, నాకేస్తుంది, అందులోని జింక్ ఆక్సైడ్ కుక్కకు విషం.

ఏప్రిల్ మూడో వారం: గడియారం తిప్పేశాం

మనకు మంచు అంటే ఒకటే మాట. ఆకాశం నుంచి పడేదీ, పొద్దున గడ్డి మీద కనిపించేదీ, రోడ్డు మీద కమ్మేదీ అన్నీ మంచే. ఇక్కడ అది చాలదు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టిన పై పెచ్చును స్వీడిష్‌లో స్కారె అంటారు. అది మనిషినీ జంతువునూ మోసేంత గట్టిపడితే ఉత్తర సామీలో దానికి వేరే మాట ఉంది. ఈ నెలంతా ప్రయాణం ఆ పెచ్చు దయమీదే.

పగటి ప్రయాణం పనికిరాదని రెండు గంటల్లో తేలిపోయింది. ప్లస్ 2, గాలి లేదు, నెత్తిన ఎండ. కుక్క నాలుక కొస వెడల్పయి వేలాడుతూ, అడుగడుక్కీ మంచు కొరుకుతూ నడుస్తోంది. వేడెక్కిపోయిందనడానికి అవే గుర్తులు. మైనస్ 15లో హాయిగా పరిగెత్తే కుక్కకు ప్లస్ 2 ఎండాకాలమే. పైగా పదకొండు దాటాక పెచ్చు అప్పడంలా విరుగుతోంది. స్కీల మీది మనిషిని మోస్తోంది, కుక్కను మాత్రం పొట్టదాకా దించేస్తోంది. కుక్క తేలికే కదా అనిపిస్తుంది గానీ లెక్క వేరు. 80 కేజీల మనిషి బరువు రెండు స్కీల మీద సుమారు 2,400 చదరపు సెం.మీ. మేర పరుచుకుంటుంది. 24 కేజీల కుక్క దుడుకు నడకలో రెండు పాదాల మీద, అంటే ఏ 60 చదరపు సెం.మీ. మీదో నిలబడుతుంది. చదరపు సెంటీమీటరుకు పదింతలకు పైగా ఒత్తిడి.

అందుకే ఇప్పుడు తెల్లవారుజామున 3కు బయల్దేరి 9కి ఆపేస్తున్నాం. ఈ రోజుల్లో పొద్దు పొడిచేది సుమారు నాలుగున్నరకు. ముందు వెలుతురు చాలాసేపు ఉంటుంది కాబట్టి హెడ్‌ల్యాంపు దాదాపు అక్కర్లేదు. దూరం గంటకు 3 నుంచి 5 కి.మీ.కు పెరిగింది.

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత కన్నా ముందు మబ్బు చూడాలి. ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని పైకి వదిలేసుకుని, గాలి మైనస్ 2 దగ్గరున్నా గట్టిపడుతుంది. మబ్బు కప్పితే ఆ వేడి తిరిగొస్తుంది, మైనస్ 2 రాత్రి కూడా పొద్దునకు మెత్తగానే ఉంటుంది. అలాంటి రోజు కదలకపోవడమే నయం.

క్యాంపు

కుక్కను కట్టడానికి స్కీని నిలువుగా దిగేస్తే మొదటి రోజు మధ్యాహ్నానికే ఊగిపోయింది. నల్లటి స్కీ ఎండను పీల్చి చుట్టూ మంచును కరిగిస్తుంది, బావిలో కర్ర పెట్టినట్టే. గుడారం మేకులదీ అదే కథ. ఇప్పుడు 40 సెం.మీ. లోతు గుంటలో అడ్డంగా పాతి, పైన మంచు తొక్కి, అరగంట వదిలేస్తున్నాం. గట్టిపడ్డాక మనిషి బలంకొద్దీ లాగినా కదల్లేదు. తాడు కాకుండా తీగ వాడండి, తాడును కొరికేస్తుంది.

పడకకు నీళ్లు పీల్చని క్లోజ్డ్-సెల్ ఫోమ్ రెండు పొరలు. గాలి పరుపు మీద కుక్కకు చోటిచ్చి గోటితో పొడిపించుకోవడం కొత్తవాళ్లందరూ చేసేదే.

తిండి, నీళ్లు

రోజుకు కిలోకు 4,500 కేలరీలున్న పొడి తిండి 500 గ్రాములు, కొవ్వు 80 గ్రాములు. మొత్తం 2,950 కేలరీల చిల్లర. ఇంట్లో పడుకునే రోజుకు ఇందులో సగం కూడా అక్కర్లేదు. పెద్ద భోజనం పగ్గం విప్పిన ముప్పావు గంటకు. బయల్దేరేముందు రెండు గంటల తేడాతో గోరువెచ్చని నీళ్లలో పిడికెడు తిండి నానేసిన జావ. ఉత్త నీళ్లు పెడితే మూతి తిప్పేసుకుంటుంది, జావయితే అర లీటరు ఒక్క గుక్కలో.

మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున రెండు గరిటెల నీళ్లు ముందే ఉండాలి, లేకపోతే గిన్నె మాడి నీళ్లకు మాడు వాసన పడుతుంది. గుల్లమంచు కన్నా కింది రవ్వమంచు తవ్వితే అదే గిన్నెకు రెండింతల పైన నీళ్లొస్తాయి. ఇంధనం రోజుకు మనిషికి 200 మి.లీ. వైట్ గ్యాస్ (స్టవ్‌లో పోసే ద్రవ ఇంధనం), కుక్కకు మరో 100. బ్యూటేన్ డబ్బా సున్నా కింద మొరాయిస్తుంది.

మిగిలిన ఉప్మా కుక్కకు వేయొద్దు. ఎండు ఉప్మా ప్యాకెట్లలో ఉల్లిపాయ ఉంటుంది, అది దాని రక్తకణాల్ని దెబ్బతీస్తుంది. మనం నమిలే ఎండుద్రాక్ష, చాక్లెట్ కూడా దానికి విషమే.

రెయిన్‌డీర్, సరిహద్దు

స్వీడన్‌లో మార్చి 1 నుంచి ఆగస్టు 20 దాకా అడవి జంతువులున్న చోట కుక్క పూర్తిగా అదుపులో ఉండాలి. నార్వేలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 దాకా పగ్గం తప్పనిసరి. మేలో ఈనబోయే రెయిన్‌డీర్ ఆడవి ఈ రోజుల్లోనే కదులుతాయి. మంద కనబడితే ఆగి, కుక్కను కూర్చోబెట్టి, పోనివ్వాలి. స్వీడన్ నుంచి నార్వేలోకి వెళ్లాలంటే 24 నుంచి 120 గంటల ముందు టేప్‌వార్మ్ మందు వేయించి, పాస్‌పోర్టులో వెటర్నరీ డాక్టరు చేత రాయించుకోవాలి. సరిహద్దు ఊరు రిక్స్‌గ్రెన్సెన్ దగ్గర గీత దాటడం తేలిక కాబట్టి చాలామంది ఇది మర్చిపోతారు.

మే రెండో వారం: ఆపేశాం

పెచ్చు తెల్లారే సరికి కూడా కట్టడం లేదు, లోపలంతా పంచదార కుప్ప. సరస్సుల మీద మంచుకూ ఐసుకూ మధ్య నీళ్లు నిలుస్తున్నాయి, పైకి మాత్రం తెల్లగానే కనిపిస్తుంది. వాగు కలిసేచోటా బయటికి పోయేచోటా ఐసు ముందే పలచబడుతుంది. స్కీలూ సాగవు, నడకా సాగదు. ఈ కాలానికి స్వీడిష్‌లో మేన్‌ఫోరె అని పేరే ఉంది. పుల్కా అడుగు గీతలు గీకి మైనం పట్టించాం, బూటీలు ఉతికి జతలు కట్టాం, తొమ్మిదిలో మూడు చిరిగాయి. మళ్లీ ఎంట్రీ జూన్ చివర్లో, వీపు సంచితో.