చేతికి ఎంతొస్తది అక్కా?

2025లో రాఖీ కట్టాక పళ్లెంలో నోటు వేయాల్సిన తమ్ముడు తన ఫోన్ పెట్టాడు. మ్యూనిక్‌లోని ఒక కంపెనీ ఆఫర్ లెటర్, ఏడాదికి 72,000 యూరోలు, సోమవారంలోపు జవాబివ్వాలి. "చేతికి ఎంతొస్తది అక్కా? ఏడేండ్ల నుంచి ఆడనే ఉంటున్నవు గద, నీకు తెల్వనిదేముంది" అన్నాడు. బయట వాన దంచుతోంది, హన్మకొండ నయీంనగర్‌లో మా ఇంటి ముందు నీళ్లు అప్పుడే మెట్టు దాకా వచ్చాయి, ఎవరూ ఎక్కడికీ పోయేది లేదు. వంటింట్లో అమ్మ, పేపర్ వెనక బాపు, గుమ్మంలో మరదలు, అందరి చెవులూ ఇటే ఉన్నాయి.

ఈ వార్త కాలనీలో నాకంటే ముందే తిరిగింది. యూరోకు వంద రూపాయలు అనుకుని గుణిస్తే 72 లక్షలు కాబట్టి, పక్కింటామె పొద్దున్నే "మీ తమ్మునికి డెబ్బై రెండు లచ్చలంట గద" అని అడిగేసింది. ఈ వందతో గుణించే లెక్క పెళ్లి సంబంధాల్లో బాగా పనికొస్తుంది, మ్యూనిక్‌లో అద్దె కట్టడానికి మాత్రం పనికిరాదు. 2018లో మావారికి 58,000 వచ్చినప్పుడు మేమూ గుణించుకునే విమానం ఎక్కాం, అందుకే తమ్ముడితో కూర్చుని పెన్నుతో రాయించాను. కాగితం కోసం వెతికితే మేనకోడలి మ్యాథ్స్ రఫ్ నోట్‌బుక్ దొరికింది, వెనక నుంచి మొదలుపెట్టాం.

నెలకు 6,000. అందులో పెన్షన్‌కు 9.3 శాతం, ఆరోగ్య బీమాకు ఎనిమిదిన్నర దాకా, నిరుద్యోగ బీమాకు 1.3, మంచాన పడితే చూసుకునే బీమాకు ఇంకో రెండు శాతం లోపు, ఆ పైన ఆదాయపు పన్ను. భార్యకు సంపాదన లేకపోతే మూడో క్లాసు పన్ను పడుతుంది, అది కాస్త తక్కువ. అన్నీ పోను చేతికొచ్చేది 4,100 చుట్టుపక్కల. పాపకు ప్రభుత్వం ఇచ్చే కిండర్‌గెల్డ్ 2025లో నెలకు 255. అంటే 4,355. తమ్ముడు దాన్ని మళ్లీ వందతో గుణించబోయాడు, ఆగమన్నాను.

అద్దె. మేము ఉండేది 78 చదరపు మీటర్ల ఇల్లు, హీటింగుతో కలిపి 1,950. నువ్వు కొత్తగా వస్తే ఇంతకు దొరికితే సంతోషించు, ఎందుకంటే ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మెట్ల మీద నీ ముందు ఇరవై మంది ఉంటారు, అందరి చేతుల్లో జీతం స్లిప్పులు ఉంటాయి. కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు, టీవీ చూసినా చూడకున్నా ఇంటికి నెలకు 18.36 చొప్పున కట్టే రేడియో చందా, అన్నీ కలిపి 170. సరుకులు 650, అదీ కందిపప్పు, పచ్చిమిర్చి ఇండియన్ షాపులో కొనుక్కుంటే. బస్సు, రైలు 130. బట్టలు, చలికోట్లు, పాప స్విమ్మింగు, పుట్టినరోజులకు పట్టుకెళ్లే గిఫ్టులు, ఒక్కసారి బయట తిండి, 350. మొత్తం 3,250. మిగిలింది 1,105.

ఇందులో ఇంటికొచ్చే టికెట్లు లేవు. ముగ్గురికి ఒక్కొక్కరికి 1,100 వేసుకున్నా ఏడాదికి 3,300, నెలకు 275. ఇక మిగిలేది 830 యూరోలు, ఇప్పుడు గుణించుకో. ఎనభై మూడు వేలు.

ఇవతలి పేజీలో ఇక్కడి లెక్క రాశాం. హైదరాబాద్‌లో వాడికి చేతికి లక్షా డెబ్బై అయిదు వేలు, మరదలికి నలభై వేలు. గది అద్దె, తిండి, వారం వారం హన్మకొండ రాకపోకలు ముప్పై వేలు, కార్ ఈఎంఐ పద్దెనిమిది, పాప ఫీజు నెలకు తొమ్మిది పడుతుంది, ఇల్లు, బాపు మందులు, పెళ్లిళ్లు పేరంటాలు నలభై ఎనిమిది. పోను లక్షా పది వేలు మిగులుతున్నాయి. తమ్ముడు రెండు పేజీలూ అటూ ఇటూ తిప్పి చూశాడు. "గింతేనా" అన్నాడు.

బాపు పేపర్ దించాడు. అజంజాహి బట్టల మిల్లులో చేసి, అది మూతపడ్డాక కిరాణం నడిపిన మనిషి, లెక్కలో తప్పు పట్టుకోవడం ఆయనకు సరదా. "మగ్గాల పనికి భీవండి పోయినోళ్లు గూడ గిట్లనే రాసుకునేటోళ్లురా, పోయెటప్పుడు రాసుకున్నది ఒకటి, ఆడ అయ్యేది ఒకటి" అన్నాడు. నిజమే, మొదటి ఏడాది ఖర్చు మేము అసలు రాయనేలేదు. మూడు నెలల అద్దె డిపాజిట్, అంటే ఐదు వేల యూరోలకు దగ్గర. ఆ తర్వాత వంటగది! జర్మనీలో చాలా ఇళ్లు వంటగది లేకుండా అద్దెకిస్తారు. లేకుండా అంటే గది ఉంటుంది, అందులో గోడకు ఒక నల్లా పైపు, ఒక ప్లగ్గు ఉంటాయి, సింకూ స్టవ్వూ అల్మారాలూ మనమే తెచ్చి బిగించుకోవాలి. ఐదు వారాలు నేల మీద ఇండక్షన్ పొయ్యి పెట్టి, బాత్రూం బేసిన్లో గిన్నెలు కడిగాను, నాలుగేళ్ల కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని. కంపెనీ ఇస్తానన్న రీలొకేషన్ 3,000 ఆ వంటగదికే పోతుంది.

మరదలు ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు. ఆమె 2024 డీఎస్సీలో ఎస్జీటీ, అంటే సర్కారు బడి టీచర్ పోస్టు, కొట్టిన మనిషి. పెళ్లయ్యాక, పాప పుట్టాక, తెల్లారి నాలుగింటికి లేచి చదివి తెచ్చుకున్న ఉద్యోగం, ములుగు వైపు బడి, రోజూ రెండు బస్సులు. ప్రొబేషన్ కూడా ఇంకా పూర్తి కాలేదు. లెక్కలో ఆమె జీతం నలభై వేలుగా రాశాం కానీ అది పదవీ విరమణ దాకా పెరిగే జీతం అని ఎవరం రాయలేదు, ఆమే రాయలేదు. భర్తకు బ్లూ కార్డ్, అంటే పెద్ద చదువు ఉద్యోగులకిచ్చే పర్మిట్, ఉంటే భార్యకు అక్కడ పనిచేసే అనుమతి మొదటి రోజు నుంచే ఉంటుంది, అది నిజం. కానీ జర్మన్ గట్టిగా రానిదే అక్కడి బడిలో టీచర్‌గా అడుగుపెట్టడం కుదరదు, దానికి ఎన్నేళ్లు పడుతుందో మ్యూనిక్‌లో నా చుట్టూ ఉన్న ఎమ్మెస్సీ బీఎడ్‌లను చూస్తే తెలుస్తుంది. ఒకామె కేటరింగ్ చేస్తోంది, బాగా చేస్తోంది, ఆమె బిర్యానీకి పేరుంది, కానీ ఆమె నేర్చుకున్నది ఫిజిక్స్.

అయినా నేను వాడికి వద్దని చెప్పింది ఈ డబ్బుల వల్ల కాదు. పిల్ల వయసు వల్ల. కోడలికి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో పిల్లల్ని వేరు చేసేది సరిగ్గా నాలుగో తరగతిలోనే. జర్మన్, లెక్కలు, పరిసరాల పాఠం, ఈ మూడింటి సగటు 2.33 దాకా ఉంటే యూనివర్సిటీ దారి పట్టించే బడి గిమ్నాజియుం, 2.66 దాకా మధ్య రకం బడి రియాల్‌షూలె, అది దాటితే చేతిపనుల వైపు నడిపించే మిట్టెల్‌షూలె. అక్కడ 1 అంటే అన్నిటికంటే మంచి మార్కు, 6 అంటే అన్నిటికంటే చెత్త. మే నెల మొదట్లో కాగితం చేతిలో పెడతారు. తమ్ముడు జనవరిలో చేరితే పిల్ల నాలుగు నెలల్లో జర్మన్ నేర్చుకుని వ్యాసాలు రాయాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు వేరే భాషా తరగతులు ఉంటాయి, ట్రయల్ పరీక్షలుంటాయి, తర్వాత ఒక బడి నుంచి ఇంకో బడికి మారే దారులూ ఉన్నాయి, తలుపులు మూసేస్తారని నేను అనను. కానీ ఇక్కడ క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తే పిల్ల అక్కడ మొదటి ఏడాదంతా ఏం అడుగుతున్నారో తెలియక కూర్చుంటుంది. ఇంటర్నేషనల్ స్కూల్‌కి ఏడాదికి ఇరవై వేల యూరోలు దాటుతుంది, 830 మిగిలేవాడు దాని గేటు వైపు చూడనక్కర్లేదు.

మావాడు నాలుగేళ్లప్పుడు వెళ్లాడు, కిండర్‌గార్టెన్‌లో ఆటల్లోనే భాష వచ్చేసింది, అయినా వాడికి వచ్చింది 2.66. జర్మన్‌లో 3, పరిసరాల్లో 3, లెక్కల్లో 2. "ఇంట్లో జర్మన్ మాట్లాడండి" అని ఒక టీచర్ నాకు మూడేళ్లు చెప్పింది, నేను మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే ఒక్క మార్కు తగ్గేదేమో, గిమ్నాజియుం వచ్చేదేమో, ఆ రాత్రి ఆ కాగితం పట్టుకుని వంటగదిలో కూర్చుని చాలాసేపు ఇదే అనుకున్నాను. ఇక్కడ బాపు ఏమో లెక్కల్లో 2 అంటే సెకండ్ ర్యాంక్ అనుకుని కాలనీ అంతా చెప్పాడు. నేను సరిదిద్దలేదు.

నేను జర్మన్ మాట్లాడనందుకు దక్కింది ఏమిటంటే, వాడు నిన్న మధ్యాహ్నం అమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుని సర్వపిండి ఎట్ల చేస్తారో అడిగి తెలుసుకున్నాడు, తెలుగులోనే. అమ్మ గిన్నెలో పిండి ఒత్తి, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో నూనె పోస్తుంటే వీడు లెక్కపెట్టాడు, పదకొండు. తిన్నాక దానికి "లోఖ్‌ఫాన్‌కూఖెన్" అని పేరు పెట్టాడు, బొక్కల అట్టు అని అర్థం, అమ్మ ఇప్పుడు నోరు తిరక్క దాన్ని "లొక్కపాను" అంటోంది. ఆరేళ్ల కూతురు మాత్రం నాకు చిక్కడం లేదు. అది బొమ్మలతో జర్మన్‌లో, నాతో తెలుగులో, కోపమొస్తే మళ్లీ జర్మన్‌లో. కోపం ఏ భాషలో వస్తే అదే ఆ పిల్ల భాష అనుకుంటాను నేను, ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

సెలవుల సంగతి కూడా తమ్ముడికి చెప్పాల్సి వచ్చింది. బవేరియాలో వేసవి సెలవులు ఆగస్టు నుంచి సెప్టెంబర్ సగం దాకా. అందుకే రాఖీకి రాగలిగాం, టికెట్లు మండిపోతున్నా. ఎంగిలిపూల బతుకమ్మ నాటికి బడి తెరుచుకుంటుంది, ఏడేళ్లుగా నా పిల్లలు వేయిస్తంభాల గుడి దగ్గర బతుకమ్మ చూడలేదు. మ్యూనిక్‌లో హాలు అద్దెకు తీసుకుని శనివారం ఆడతాం, తంగేడు లేదు, గునుగు లేదు, డాలియాలు, చామంతులతో పేరుస్తాం, అందంగానే ఉంటుంది, వాసనే వేరు. బడి ఉండగా ఊరికి పోతామంటే కుదరదు, సెలవులకు ముందు రోజుల్లో ఎయిర్‌పోర్టులో పోలీసులే పిల్లల్ని చూసి ఆరా తీస్తారు, జరిమానా పడుతుంది. ఈ సంగతి అమ్మకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. మాకు వీసాలు రావాలని మనవడి పేరు మీద సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం, అంటే వాడి బరువంత బెల్లం, మొక్కింది. అప్పుడు వాడు పదిహేను కిలోలు. 2020లో రాలేదు, 2022లో రాలేదు, 2024లో రాలేదు, 2026 జనవరి 28 నుంచి మళ్లీ మేడారం జాతర, మళ్లీ బడి. వాడిప్పుడు ముప్పై ఆరు కిలోలు. "వాడు పెరుగుతుండు, నా బెల్లం పెరుగుతుంది" అంటుంది అమ్మ.

మంచి లేదని కాదు. నా కొడుకు ఆరేళ్లకే ఒంటరిగా నడిచి బడికి పోయాడు. మావారు ఐదున్నరకు ఇంట్లో ఉంటారు. కూతురికి న్యుమోనియా వచ్చి ఆరు రోజులు ఆస్పత్రిలో ఉంటే చేతి నుంచి ఒక్క యూరో కట్టలేదు. బ్లూ కార్డ్‌తో రెండేళ్ల పైచిలుకులో శాశ్వత నివాసం వస్తుంది. ఇవన్నీ వాడికి చెప్పాను. పాపకు నాలుగేళ్లుంటే ఈ జీతానికే రమ్మనేదాన్ని, తక్కువకైనా రమ్మనేదాన్ని. తొమ్మిదేళ్ల పిల్లతో, పర్మనెంట్ ఉద్యోగమున్న భార్యతో 72,000కి రావద్దు. 85,000 అడుగు, చేరే తేదీ వచ్చే సెప్టెంబర్‌కు మార్చమను, ఈ ఏడాది పిల్లకు ఇక్కడే జర్మన్ మొదలుపెట్టించు, కాదంటే వదిలెయ్. మరదలు లోపలికి వెళ్లి టీ తెచ్చింది, నా కప్పులో రెండు చెంచాల చక్కెర వేసింది, మామూలుగా ఒకటే వేస్తుంది.

తమ్ముడు రాత్రి మెయిల్ రాశాడు. 85 కాదు, 80 అడిగాడు, ధైర్యం చాల్లేదు. తేదీ మాత్రం సెప్టెంబరే రాశాడు.

నోట్‌బుక్ తీసుకోవడానికి వచ్చిన కోడలు నా పక్కన కూర్చుంది. వాన వల్ల వాళ్ల బడికి శుక్రవారం నుంచి సెలవు. "అత్తా, ఆడ వానొస్తే బడి బందు పెడ్తరా?" అంది.

పెట్టరు, రెయిన్‌కోట్ వేసి పంపిస్తారు అన్నాను.

"మంచు పడితే?"

మంచు పడినా అంతే అన్నాను.

"మరి గట్లయితే ఎందుకు పోవుడు?" అని నోట్‌బుక్ పట్టుకుని లేచిపోయింది.