ఉద్దానంలో పెరటి సాల: రేకు ఎగరకుండా కట్టుకున్న నా అనుభవం

ఇల్లు పూర్తయ్యాక మిగిలేవి చిన్న పనులే అనిపిస్తాయి. పశువుల సాల, సామాను కొట్టు, ఉతుకుడు బండ, వాడుక నీటి గుంత. ఇంటికి ఇంజనీరును అడుగుతాం, వీటికి అడగం. వెల్డరు వచ్చి నాలుగు పైపులు పాతి, పైన రేకులు బిగించి, సాయంత్రానికి వెళ్లిపోతాడు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలతో పాటు పోయినవాటిలో ఇలాంటి రేకుల సాలలు లెక్కలేనన్ని. అందుకే మా పెరట్లో 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు సాల మొదలుపెట్టే ముందు గాలి లెక్క వేసుకుని కూర్చున్నాం. సగం రెండు ఆవులకు, సగం జీడిపిక్కలు, ధాన్యం బస్తాలు పెట్టుకునే కొట్టుకు.

లెక్క ఇదీ. తిత్లీ గాలి గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, విసురు వచ్చినప్పుడు 165. గంటకు 165 అంటే సెకనుకు 46 మీటర్లకు దగ్గర. ఆ వేగానికి గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 125 కిలోలు. అర మిల్లీమీటరు మందం ఉన్న కలర్ రేకు బరువు చదరపు మీటరుకు ఐదు కిలోలు కూడా ఉండదు. చుట్టూ అడుగు చూరు వదిలితే కప్పు 22 అడుగులు, 14 అడుగులు. అంటే 28 చదరపు మీటర్ల పైన. అంత కప్పును గాలి పైకి లాగే బలం మూడున్నర టన్నులు. కప్పు కిందికి పడిపోకుండా నిలబెట్టడం ఎవరైనా చేస్తారు. పైకి లేచిపోకుండా పట్టుకోవడమే ఇక్కడ పని. రేకు నుంచి స్క్రూకు, స్క్రూ నుంచి దూలానికి, దూలం నుంచి స్తంభానికి, స్తంభం నుంచి పునాదికి ఆ మూడున్నర టన్నులూ దిగాలి. ఈ వరసలో ఏ ఒక్క అతుకు బలహీనంగా ఉన్నా కప్పు అక్కడే ఊడుతుంది.

ఆరు స్తంభాలు, రెండు వరసలు, పది అడుగులకొకటి. పైకి లాగే బలం ఆరింటి మీదా సమానంగా పడుతుందనుకోవడం తప్పు. నడిమి స్తంభం రెండు పక్కల కప్పునూ మోస్తుంది కాబట్టి దాని మీద 800 కిలోల లాగుడు, మూల స్తంభం మీద 500 కిలోలు పడతాయి. మాది ఇసుక కలిసిన నేల. రెండడుగుల గుంత తవ్వి పైపు నిలబెట్టి కాంక్రీటు పోస్తే పొడి నేలలో చాలేమో గానీ, తుపానుకు ముందే రోజంతా వాన కొట్టి నేల నీటితో నిండిపోతుంది. నీట మునిగిన కాంక్రీటు తన బరువులో 40 శాతం పోగొట్టుకుంటుంది. కాబట్టి పై మట్టి బరువు కూడా పునాది మీద కూర్చునేలా చేశాం. గుంత మూడడుగుల లోతు. అడుగున మూడడుగుల చదరం, అడుగు మందం పలక. అందులో 10 మిల్లీమీటర్ల ఊచలు ఆరేసి అంగుళాల దూరంలో రెండు వైపులా జాలీ. దాని మీద 15 అంగుళాల చదరం దిమ్మ, నేల మట్టం దాటి ఇంకో ఆరంగుళాలు పైకి. చుట్టూ ఇసుకను తడిపి పొరలు పొరలుగా దిమ్మిస పెట్టి నింపాం. ఒక్కో పునాది కాంక్రీటు 13 ఘనపుటడుగులు, దానిపై కూర్చున్న ఇసుక 15 ఘనపుటడుగులు. రెండూ నీట మునిగినా 900 కిలోల పైనే నిలుస్తుంది. ఆరు పునాదులకు సిమెంటు ఒకటికి ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ల కాంక్రీటుకు 18 బస్తాల సిమెంటు, 36 కిలోల పైచిలుకు ఇనుము పట్టాయి. "ఆవుల సాలకి ఇంత పునాదేటి బాబూ" అని మేస్త్రి అన్నాడు. లెక్క చెప్పాక పలకల కొలతలు తనే టేపు పెట్టి చూసుకున్నాడు.

ఇసుక గురించి ఒక మాట. సముద్రపొడ్డు దగ్గర ఊళ్లలో దిబ్బల ఇసుక ఊరికే దొరుకుతుంది, దాంతో కాంక్రీటు పోయకండి. అందులో ఉప్పు ఊచను లోపలి నుంచే తింటుంది, గోడ మీద తెల్లగా పొక్కుతుంది. మేం వంశధార ఇసుక తెప్పించాం. లారీ దించే ముందు గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇసుక మీద పేరుకున్న ఒండ్రు పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ లోడు వద్దనడమే మంచిది.

స్తంభాలు మూడంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు, మీడియం రకం, నాలుగు మిల్లీమీటర్ల మందం. తిత్లీలో ఊడిన సాలల దగ్గర నేను చూసిన తప్పుల్లో ఎక్కువసార్లు కనిపించింది ఇది: పునాది అలాగే ఉంది, పైపు మాత్రం చెరుకు గడ పీకినట్టు నున్నగా బయటికొచ్చింది. పైపు నునుపు, దాన్ని కాంక్రీటు పట్టుకోదు. పాతే భాగంలో అడుగు ఎత్తు తేడాతో మూడు చోట్ల పైపును అడ్డంగా తొలిచి, 12 మిల్లీమీటర్ల ఊచ ముక్కలు అటూ ఇటూ నాలుగంగుళాలు పొడుచుకొచ్చేలా దూర్చి వెల్డింగ్ చేయించాలి. అడుగున ఊచ పలక జాలీ కింద నుంచి వెళ్లాలి. ఇది అరగంట పని. వెల్డరు "అక్కర్లేదండి" అంటాడు. దగ్గరుండి చేయించండి.

దిమ్మను నేల పైకి ఆరంగుళాలు లేపింది తుప్పు కోసం. ఇనుప స్తంభం ఎప్పుడూ నేల మట్టం దగ్గరే పోతుంది, అందులోనూ పశువుల మూత్రం తగిలే చోట రెండు మూడేళ్లలో బెజ్జాలు పడుతుంది. దిమ్మ పైభాగం పైపు నుంచి నాలుగు వైపులకీ వాలుగా ఉండాలి. మట్టంగా వదిలేస్తే పైపు చుట్టూ నీళ్లు నిలిచి, పైకి లేపిన ప్రయోజనమే పోతుంది. మా పాత బాత్రూము పందిరి కాళ్లు సరిగ్గా ఇందువల్లే పోయాయి.

ముందు స్తంభాలు పది అడుగులు, వెనక ఎనిమిది. 12 అడుగులకు రెండడుగుల వాలు వర్షానికి చాలు. స్తంభాల నెత్తిన దూలాలు, వాటి మీద అడ్డంగా 60, 40 మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు ఐదు వరసలు, మూడుంపావు అడుగుల దూరంలో. ప్రతి స్తంభం దగ్గర రెండడుగుల వాలు కడ్డీ రెండు వైపులా వేశాం. పక్క నుంచి తోసినప్పుడు చట్రం ఒరగకుండా పట్టేది అదే. గొట్టం దూలం మీద కూర్చునే చోట పైన చుక్క వెల్డింగ్ పెట్టి వదిలేస్తారు. అది సరిపోదు. ఇరువైపులా యాంగిల్ ముక్క పెట్టి నిండు వెల్డింగ్ చేయించాలి. చూరును అడుగు దాటనివ్వకండి. నీడ కోసం మూడడుగులు వదిలే అలవాటుంది, గాలి ముందు పట్టేది ఆ చూరునే.

వెల్డింగ్ చేసిన చోటల్లా జింకు పూత మాడిపోతుంది. మన తీరం ఉప్పు గాలికి ఆరు నెలల్లో అక్కడ ఎర్ర మరక తేలుతుంది. మాడిన పెచ్చును సుత్తితో కొట్టి, వైరు బ్రష్షుతో మెరిసేదాకా రుద్ది, జింకు ఎక్కువున్న ప్రైమరు రెండు పూతలు వేయాలి. జీఐ మీద నేరుగా మామూలు ఎనామిల్ రంగు వేస్తే ఏడాదికే పొరలుగా రాలుతుంది. జింకుకూ ఆ రంగులోని నూనెకూ పడదు, మధ్యలో సబ్బులాంటి పొర కడుతుంది. జీఐకి వేసే ఎచ్ ప్రైమరు ముందు పూయాల్సిందే. చదరపు గొట్టాల చివర్లు తెరిచి వదలకండి, చిన్న ప్లేటు ముక్కతో మూయించండి. లోపల పట్టిన తుప్పు బయటికి కనిపించేసరికి గొట్టం పనికిరాకుండా పోతుంది.

ఇక రేకు. దుకాణంలో 0.5 అని ఇచ్చినదాన్ని అక్కడే మైక్రోమీటరుతో కొలవాలి. రంగుతో కలిపి కొలిచిన మందం వేరు, లోపలి ఇనుము మందం వేరు. బిల్లులో ఏది రాశారో అడగండి. మీటరు వెడల్పు కప్పే రేకులు ఏడు పట్టాయి, ఒక్కోటి వాలు మొత్తానికీ ఒకే ముక్క. మధ్యలో అతుకు లేకపోతే కారడానికి చోటే ఉండదు.

స్క్రూలు రబ్బరు వాషరున్న 55 మిల్లీమీటర్లవి, రేకు ఎత్తు గీతల మీద. చూరు వైపు వరసకీ ఎగువ చివరి వరసకీ ప్రతి గీత మీదా ఒకటి, నడిమి మూడు వరసలకు గీత విడిచి గీత. రేకు రేకు కలిసే అంచున అడుగున్నరకొక చిన్న స్క్రూ. అన్నీ కలిపి 190 దాకా అయ్యాయి. విరిగేవి, తప్పిపోయేవి కలుపుకుని 250 తెచ్చుకోండి. చట్రానికి పెట్టిన డబ్బులో వీటి ఖర్చు చాలా చిన్నది, అయినా పనివాళ్లు ఇక్కడే మిగుల్చుతారు.

స్క్రూ బిగించడం చూసి నేర్చుకోవాల్సిన పని. మొదటి రేకు మీద మేం చెడగొట్టింది అక్కడే. డ్రిల్లింగ్ మెషీను వేగంగా తిప్పి చివరిదాకా నొక్కితే నల్ల రబ్బరు వాషరు అంచు దాటి పువ్వులా బయటికి విచ్చుకుంటుంది, దాని కింద రేకు సొట్ట పడుతుంది. ఆ సొట్టలో నీళ్లు నిలుస్తాయి, చితికిన రబ్బరు ఎండకు పగులుతుంది, రెండో వర్షాకాలానికి చుక్క మొదలు. వదులుగా ఉన్నా కారుతుంది. వాషరు కింద రబ్బరు సన్నటి అంచులా సమంగా కనిపించి, వేలితో తిప్పితే కదలకపోతే అది సరైన బిగింపు. మెషీనును తక్కువ వేగంలో పెట్టి, నిటారుగా పట్టి, చివరి చుట్టు చేతితో వేశాం. తప్పుగా పడిన బెజ్జాన్ని సిలికాన్‌తో మూసి నమ్ముకోకండి, అదే బెజ్జంలో లావు స్క్రూ వాషరుతో వేయాలి.

స్క్రూ ఊడకపోయినా రేకు చిరిగి స్క్రూ తలమీదుగా వచ్చేస్తుంది. సొంతంగా కట్టుకునేవాళ్లు దీన్ని ఊహించరు. అందుకని చూరు వరస, ఎగువ వరస, రెండు పక్క అంచుల వెంబడి 25 మిల్లీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల మందం జీఐ పట్టీ రేకు మీద పరిచి, రెండడుగులకొక 8 మిల్లీమీటర్ల జె హుక్కుతో (జె అక్షరంలా వంగిన బోల్టు) కింది గొట్టానికి లాగి కట్టాం. ఒక్కో స్క్రూ తల మీద పడే లాగుడును పట్టీ బారంతా పంచుతుంది. నాలుగు అంచులకూ వేయడానికి కారణం ఉంది. తుపాను ముందు గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి కొడుతుంది. కన్ను దాటాక దక్షిణం వైపు నుంచి తిరగబడుతుంది. మొదటి గాలికి వదులైన అంచును రెండో గాలి లేపేస్తుంది.

గోడల విషయంలో నా అభిప్రాయం గట్టిది. మూడు వైపులా గోడ కట్టి ఒక వైపు తెరిచి పెట్టిన సాల అన్నిటికన్నా ప్రమాదం. లోపలికొచ్చిన గాలికి దారి లేక కప్పును కింద నుంచి తంతుంది, పై నుంచి లాగే బలానికి ఇది తోడవుతుంది. ఆవుల వైపు నాలుగడుగుల పిట్టగోడే పెట్టి పైన మొత్తం వదిలేశాం. కొట్టు వైపు ఫ్లైయాష్ ఇటుకతో పూర్తిగా మూసి, మూడున్నర అడుగుల తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టాం. బయటి గాలి దాన్ని చట్రానికే నొక్కుతుంది. పైనా కిందా గడియలు రెండూ ఉండాలి.

ఆవుల కొలతలు: ఒక్కోదానికి నాలుగడుగుల వెడల్పు, నిలబడేందుకు అయిదున్నర అడుగులు. ముందు రెండడుగుల మేత తొట్టి, వెనక అడుగు వెడల్పు కాలువ, మిగతా మూడున్నర నడవడానికి. నిలబడే చోట తొట్టి నుంచి కాలువకు ఒకటిన్నర అంగుళం వాలు చాలు, ఎక్కువైతే పశువు కాళ్లు నొప్పి పడతాయి. నేలను నున్నగా పూయించకండి. తడి మీదే పుల్లల చీపురుతో అడ్డంగా గీయించాం.

ఉతుకుడు బండకు టెక్కలి వైపు గ్రానైటు కోతల్లో మిగిలిన ముక్క వాడాం, రెండంగుళాల మందం, పాలిష్ లేనిది. నీళ్లు అరటి చెట్ల వైపు మళ్లించాం. మరుగుదొడ్డి గుంతలు మాత్రం ఇసుక నేలలో బావికి వీలైనంత దూరంగా ఉండాలి, మాకు 50 అడుగులు దొరికింది.

కరెంటు: ఇనుప స్తంభాలు, తడి నేల, పశువులు. ఈ మూడూ ఒక్కచోట ఉన్నప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) లేకుండా బల్బు కూడా పెట్టొద్దు. వైరు పీవీసీ పైపులోనే వెళ్లాలి, రేకుకు ఎక్కడా ఆనకూడదు. స్తంభాలను ఎర్తుకు కలపాలి. ఇసుక పొడిగా ఉన్నప్పుడు ఎర్తు పనిచేయదు కాబట్టి కడ్డీని తడి తగిలేదాకా దింపించాం.

చూరు కింద ఆరంగుళాల పీవీసీ పైపును నిలువునా చీరి కాలువ చేశాం. ఐదు సెంటీమీటర్ల వానకు ఈ కప్పు నుంచి 1,400 లీటర్లు వస్తాయి. రెండడుగులకొక క్లాంపు, పది అడుగులకు అంగుళం వాలు. పైపును రెండు చివర్లా బిగించకండి. ఎండకు ఇంత పొడవు సెంటీమీటరు పైనే సాగుతుంది, ఒక చివర వదులుగా ఉంటేనే పగలదు.

ఏటా సెప్టెంబరులో నిచ్చెన వేసుకుని పైకెక్కి జె హుక్కుల నట్లు అన్నీ ఒకసారి స్పానరుతో చూస్తాం. నూటికి రెండు మూడు వదులవుతుంటాయి, ఎక్కువగా చూరు వరసలోనే.