మూసాపేట దాకా

మొన్న హైదరాబాద్ మెట్రోలో మూసాపేట దాకా ఒక్కదాన్నే వెళ్లొచ్చా. కేపీహెచ్‌బీ నుంచి మూడు స్టేషన్లే, దీనికో పోస్టా అని నవ్వకండి, ఏడాదిన్నరగా వీధి చివర కిరాణా కొట్టుకి కూడా అమ్మ లేకుండా వెళ్లలేదు నేను.

మొదలైంది అమీర్‌పేటలో. లైన్ మారదామని మెట్లెక్కుతుంటే జనం మధ్యలో గుండె దడ, వేళ్లు తిమ్మిర్లు, ఊపిరి ఆడట్లేదు, అయిపోయింది నా పని అనుకున్నా. ఈసీజీ తీస్తే నార్మల్. అప్పట్నుంచి మెట్రో మానేశా, తర్వాత బస్సు, తర్వాత సూపర్‌మార్కెట్‌లో బిల్లు క్యూ, చివరికి గేటు దాటడమే మానేశా. అమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. నాన్నైతే బద్ధకం అన్నారు.

సైకియాట్రిస్ట్ చెప్తే తెలిసింది, అగోరాఫోబియా అంట. ఖాళీ మైదానాలంటే భయం అనుకునేదాన్ని, అదొక్కటే కాదు. బస్సులు రైళ్లు, ఖాళీ జాగాలు, థియేటర్ లాంటి మూసిన చోట్లు, క్యూలు జనం, ఇంటి బయట ఒంటరిగా ఉండటం, ఈ 5లో కనీసం రెండిటికి ఆర్నెల్లుగా భయపడి తప్పించుకుంటుంటే అదే. అసలు భయం చోటు మీద కాదు, ఇక్కడ నాకేమన్నా అయితే బయటపడేదెట్లా అని. అగోరా అంటే గ్రీకులో సంత, 1871లో వెస్ట్‌ఫాల్ అనే జర్మన్ డాక్టర్ పెట్టిన పేరు. మన అమీర్‌పేటని చూసుంటే ఏం పెట్టేవాడో.

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అని, గాభరాకీ డిప్రెషన్‌కీ వాడే రకం మాత్ర ఇచ్చారు, పనిచేయడానికి కొన్ని వారాలు పట్టింది, మొదట్లో గాభరా ఇంకాస్త పెరిగింది కూడా. కానీ నాకు కళ్లు తెరిపించింది స్ట్రా. థెరపిస్ట్ ముక్కు మూసుకుని స్ట్రాతో నిమిషం పాటు ఊపిరి తియ్యమంది. తల తిరిగింది, గుండె కొట్టుకుంది, అచ్చం అమీర్‌పేటే! స్ట్రా తీసేసి ఊరికే కూర్చుంటే కాసేపట్లో దానంతటదే దిగిపోయింది.

తర్వాత చిన్న భయం నుంచి పెద్దదాకా కాగితం మీద వరసగా రాయించింది. గేటు, కిరాణా కొట్టు, ఒక స్టేషన్, రెండు... మొదట్లో అమ్మ నాకు పది అడుగులు వెనక నడిచింది, తర్వాత ఇంట్లోనే ఉండిపోయింది, పాపం తనకీ అదో పరీక్షే. వాటర్ బాటిల్ కూడా వదిలెయ్యమంటే మాత్రం థెరపిస్ట్ మీద ఒళ్లు మండింది. బాటిల్ ఉంది కాబట్టే బతికా అనుకుంటావు, అది లేకపోయినా బతుకుతావని నీకెప్పుడు తెలుస్తుంది అంది. (ఎవరికి చెప్పాలో తెలీకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, టెలి మానస్ అని మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.)

మొన్న బాలానగర్‌లో గుండె మొదలెట్టింది, తలుపులు తెరిచే ఉన్నాయి, దిగెయ్యొచ్చు. దిగలేదు, రాడ్డు పట్టుకుని నిలబడ్డా. మూసాపేటలో దిగి చూస్తే అమ్మవి నాలుగు మిస్డ్ కాల్స్.

"ఎక్కడున్నావే?"

"బెంచీ మీద కూర్చున్నా అమ్మా, దాహమేస్తోంది."

వచ్చే వారం భరత్‌నగర్. అమీర్‌పేటకి ఇంకా ఐదు స్టేషన్లు.