ఖాళీ సర్వర్ మీద సైటును మళ్ళీ నిలబెట్టడం

పాత సర్వర్ నుంచి కొత్త సర్వర్‌కు నా బ్లాగును తరలించిన రాత్రి, అంతా సవ్యంగా జరిగిందనుకుని మొదటి పేజీ తెరిస్తే, తొమ్మిదేళ్ళ రాతలు ప్రశ్నార్థకాల బారులుగా కనిపించాయి. అంకెలు, లంకెలు, కోడ్ ముక్కలు చెక్కుచెదరలేదు గానీ తెలుగు అక్షరం ఒక్కటీ మిగలలేదు. బ్యాకప్ ఉంది కదా అని మరో రోజు నాటి ఫైలు విప్పి చూశాను. అందులోనూ ప్రశ్నార్థకాలే ఉన్నాయి. ప్రతి రాత్రీ తప్పకుండా నడిచిన నా బ్యాకప్ స్క్రిప్టు, డేటాబేస్ నుంచి అక్షరాలను తప్పుడు ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) బయటకు తీస్తూ, మూడేళ్ళుగా పనికిరాని నకళ్ళను దాచిపెట్టింది. పాత సర్వర్‌ను అప్పటికింకా రద్దు చేయలేదు కనుక ఆ రాతలు దక్కాయి. సొంత సర్వర్‌పై సైటు నడిపేవారికి అన్నిటికన్నా ముందు కావలసింది, ఏ రోజునైనా దాన్ని ఖాళీ యంత్రం మీద మళ్ళీ నిలబెట్టగల సామర్థ్యమేనని నాకు ఆ రాత్రి బోధపడింది. నేనిక్కడ చెప్పే సూచనలన్నీ ఆ దృష్టితోనే చెబుతున్నాను.

తెలుగులో రాసేవారికి ఈ ప్రమాదం ఎక్కువ కాబట్టి అక్షరాల సంగతే ముందు చెబుతాను. యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో అక్షరానికి, గుణింతపు గుర్తుకు, పొల్లుకు ఒక్కోదానికి మూడేసి బైట్లు పడతాయి. చెడిన పేజీ మూడు రకాలుగా కనిపిస్తుంది, అది ఏ రకమో గుర్తుపడితే సగం పని అయినట్టే. అక్షరాల స్థానంలో ఖాళీ డబ్బాలు కనిపిస్తే డేటాకు ఏ లోపమూ లేదు, చూసే పరికరంలో తెలుగు ఫాంటు లేదు, అంతే. తలపై వాలుగీత ఉన్న లాటిన్ ‘ఏ’ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు గానీ ప్లస్-మైనస్ గుర్తు గానీ పదేపదే కనిపిస్తే, అవి తెలుగు బైట్లే. మధ్యలో ఏదో ఒక ప్రోగ్రాము వాటిని లాటిన్-1గా, అంటే పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన పాత ఎన్‌కోడింగ్‌గా చదువుతోంది. తెలుగు యూనికోడ్ అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే కావడం, రెండో బైటు రెండింటిలో ఏదో ఒకటి కావడం వల్ల ఆ జంటలు అలా వరుసకడతాయి. బైట్లు భద్రంగా ఉన్నాయి కనుక ఇది బాగుపడే జబ్బే. ప్రశ్నార్థకాలు వస్తే మాత్రం, మార్పిడిలో లాటిన్-1లో చోటు దొరకని ప్రతి అక్షరానికి బదులు ఒక ప్రశ్నార్థకం పడిందన్నమాట. అవి డేటాబేస్‌లోకో, దాన్ని బయటకు రాసి తీసిన డంపు ఫైల్లోకో ఎక్కితే, ఆ నకలు నుంచి అసలును తిరిగి రాబట్టడం ఎవరివల్లా కాదు.

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ ప్రోగ్రాములో చాలాకాలం ‘యూటీఎఫ్8’ అన్న పేరుతో చలామణీ అయింది అక్షరానికి మూడు బైట్లకు మించి దాచలేని కుదించిన రూపం. తెలుగు అక్షరాలు సరిగ్గా మూడు బైట్లవి కనుక అందులో ఇమిడిపోతాయి. నాలుగు బైట్లు కావలసిన ఎమోజీ ఒక్కటి వచ్చిందంటే టపాను దాచడమే విఫలమవుతుంది, లేదా ఎమోజీ ఉన్నచోటే పాఠం తెగిపోతుంది. 2010లో వచ్చిన 5.5.3 వెర్షన్ నుంచి ‘యూటీఎఫ్8ఎంబీ4’ అనే పూర్తి రూపం అందుబాటులో ఉంది. కొత్తగా మొదలుపెట్టేవారు డేటాబేస్‌కు, పట్టికలకు, డేటాబేస్‌తో మాట్లాడే కనెక్షన్‌కు మూడింటికీ దాన్నే ఎంచుకోవాలి. మూడింటిలో అందరూ మరిచేది కనెక్షన్‌నే. నా సర్వర్ సెట్టింగుల ఫైల్లో లాటిన్-1 అని ఎప్పటిదో ఒక పంక్తి మిగిలిపోయింది. సైటు తన ఎన్‌కోడింగ్‌ను తానే ప్రకటించుకుంటుంది కనుక పేజీలు చక్కగానే కనిపించేవి, డంప్ ఆదేశం మాత్రం ఆ పాత పంక్తిని పాటించేది. లాటిన్-1గా నమోదైన పట్టికలో యూటీఎఫ్-8 బైట్లు చేరిన పాత సైటు మీ చేతికి వస్తే, ఆ కాలమ్‌ను ముందు బైట్లను ఉన్నవి ఉన్నట్టు ఉంచే బ్లాబ్ రకానికి, ఆ తరువాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్ రకానికి మార్చండి. అప్పుడు బైట్లు కదలవు, వాటిని చదివే తీరు మాత్రమే మారుతుంది. ఒకేసారి నేరుగా మార్చితే బైట్లే మారిపోయి, చెడినదే మరోసారి చెడుతుంది. ఈ పనిని ముందు నకలు మీద చేసి చూడకుండా అసలు మీద చేయవద్దు.

బ్యాకప్ అనగానే టపాలూ బొమ్మలూ గుర్తొస్తాయి. వాటితోపాటు థీమ్‌లో చేసుకున్న మార్పులు, వెబ్ సర్వర్ సెట్టింగులు, వేళకు నడిచే పనుల క్రాన్ పట్టిక, డొమైన్ పేరును సర్వర్ చిరునామాకు కలిపే డీఎన్ఎస్ రికార్డుల జాబితా కూడా ఉండాలి. మూడు నకళ్ళు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న 3-2-1 పద్ధతి పాతదే అయినా ఇప్పటికీ దానికి మించింది నాకు కనిపించలేదు. సర్వరే తన బ్యాకప్‌ను బయటకు పంపడం కన్నా, బయటి యంత్రం వచ్చి తీసుకుపోవడం మేలు. సర్వర్‌లోకి చొరబడినవాడికి బ్యాకప్‌ను చెరిపేసే తాళంచెవి కూడా అక్కడే దొరకకూడదు. హోస్టింగ్ సంస్థ తీసే స్నాప్‌షాట్‌ను (ఆ క్షణపు సర్వర్ నకలును) ఒక సౌకర్యంగా వాడుకోండి గానీ దాన్నే బ్యాకప్ అనుకోవద్దు, ఎందుకంటే ఖాతా మూతపడితే అది కూడా ఖాతాతోనే పోతుంది. మూడు నెలలకొకసారైనా ఒక కొత్త వర్చువల్ యంత్రం మీద బ్యాకప్‌ను ఎక్కించి, అతి పాత టపాను, నిన్నటి టపాను, బొమ్మలున్న టపాను తెరిచి కళ్ళతో చదవాలి. ఫైలు ఉందా లేదా అన్నది మాత్రమే చూసే తనిఖీ నన్ను మూడేళ్ళు మోసగించింది. ప్రశ్నార్థకానికి ఒక బైటే పడుతుంది కనుక, ఫైలు పరిమాణాన్ని డేటాబేస్ పరిమాణంతో పోల్చి ఉంటే మొదటి వారంలోనే అనుమానం వచ్చేది.

ఇక సైటును దేనితో కట్టాలన్న విషయం. 2003లో మొదలైన వర్డ్‌ప్రెస్, 2013లో వచ్చిన ఘోస్ట్ డేటాబేస్ మీద నడుస్తాయి; 2008 నాటి జెకిల్, 2013 నాటి హ్యూగో మామూలు పాఠ్య ఫైళ్ళ నుంచి పేజీలను ముందే తయారుచేసి పెడతాయి. ఒక్కరే రాసే సైటుకు రెండో పద్ధతే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడ చెడడానికి డేటాబేస్ ఉండదు, చొరబడడానికి లాగిన్ పేజీ ఉండదు, బ్యాకప్ అంటే ఒక ఫోల్డర్ నకలు. పలువురు కలిసి రాసే చోట, బ్రౌజరు నుంచే రాయవలసిన చోట వర్డ్‌ప్రెస్ సులువు. అది ఎంచుకున్నవారు మొదటి టపాకు ముందే టపా చిరునామాల రూపాన్ని నిర్ణయించుకోవాలి. వర్డ్‌ప్రెస్ డేటాబేస్‌లో చిరునామా ముక్కకు 200 స్థానాలే ఉన్నాయి. తెలుగు అక్షరంలోని ఒక్కో బైటు శాతం గుర్తుతో మూడు స్థానాలుగా మారుతుంది కనుక ఒక్కో కోడ్ పాయింటుకు (యూనికోడ్‌లో విడి సంఖ్య ఉన్న అక్షరానికి లేదా గుర్తుకు) తొమ్మిది స్థానాలు పోతాయి. ‘నిర్వహణ’ అన్న మాటకు ఏడు కోడ్ పాయింట్లు, అంటే 63 స్థానాలు. మొత్తం మీద 22 కోడ్ పాయింట్లు దాటిన తెలుగు శీర్షిక చిరునామాలో నడిమధ్యన తెగిపోతుంది, అదీ ఒక్కోసారి గుణింతానికీ హల్లుకూ మధ్య. అందుకే నేను ప్రతి టపాకూ పొట్టి చిరునామాను చేత్తో రాస్తాను, ఒకసారి ప్రచురించాక దాన్ని మార్చను; తప్పనిసరై మార్చితే పాత చిరునామా నుంచి కొత్తదానికి శాశ్వతంగా దారి మళ్ళించే 301 రీడైరెక్ట్ పెడతాను.

డొమైన్ పేరు గురించి రెండు మాటలు. డొమైన్ నమోదు ఖాతాకు ఇచ్చే ఈమెయిలు అదే డొమైన్ మీద ఉండకూడదు. గడువు దాటి డొమైన్ ఆగిపోయిన రోజున, పునరుద్ధరణ లేఖ చేరవలసిన పెట్టె కూడా ఆగిపోతుంది. సర్వర్ మార్చే ముందురోజే డీఎన్ఎస్ రికార్డుల టీటీఎల్‌ను (పాత జవాబును ఇతరులు గుర్తుంచుకునే గడువును) 300 సెకన్లకు తగ్గించుకుంటే తరలింపు ప్రభావం నిమిషాల్లో తేలుతుంది. పాత తరహా చిరునామా అయిన ఐపీవీ4 కోసం ఉన్న ‘ఏ’ రికార్డును కొత్త సర్వర్‌కు తిప్పి, కొత్త తరహా ఐపీవీ6 కోసం ఉన్న ‘ఏఏఏఏ’ రికార్డును పాత సర్వర్ మీదే వదిలేయడం చాలా సాధారణమైన పొరపాటు. అప్పుడు సైటు మీకు చక్కగా కనిపిస్తుంది, మరికొందరికి కనిపించదు. ఫిర్యాదులు వస్తాయి గానీ మీ యంత్రంలో ఏ తప్పూ పట్టుబడదు.

అదే పొరపాటు హెచ్‌టీటీపీఎస్‌కు కావలసిన సర్టిఫికెట్‌నూ అడ్డుకుంటుంది, ఎందుకంటే దాన్ని జారీచేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ డొమైన్ మనదేనా అన్న తనిఖీకి వచ్చినప్పుడు ఐపీవీ6 చిరునామా ఉంటే ముందు అటే వెళుతుంది. 2015 డిసెంబరులో అందరికీ తెరుచుకున్న ఈ ఉచిత సేవ 90 రోజుల సర్టిఫికెట్లతో పేరు తెచ్చుకుంది. గడువు దగ్గరపడిందని హెచ్చరించే ఈమెయిళ్ళను 2025 జూన్‌లో నిలిపివేసింది, కనుక గడువును గమనించే ఏర్పాటు ఇప్పుడు మనమే చేసుకోవాలి. పునరుద్ధరణ ఆగిపోయే కారణాలు నేను చూసినంతలో రెండు మూడే. భద్రత పేరిట ఫైర్‌వాల్‌లో 80 పోర్టును మూసివేస్తే, ఆ పోర్టు మీదనే జరిగే తనిఖీ విఫలమవుతుంది. కొత్త సర్టిఫికెట్ డిస్కు మీదకు వచ్చినా వెబ్ సర్వర్ ప్రోగ్రాము ఎన్‌జిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేయకపోతే అది పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. సెట్టింగులు సరిచూసుకోకుండా ఆదేశాన్ని మళ్ళీ మళ్ళీ నడిపితే, గంటకు ఒక పేరుకు ఐదు విఫల ప్రయత్నాలన్న పరిమితి తగిలి వేచి ఉండవలసి వస్తుంది. ప్రయోగాలకు వారి స్టేజింగ్ సర్వర్ ఉంది, దాన్ని వాడండి.

సైటు ఆగిపోయినప్పుడు మొదట చేయవలసింది ఏదీ మార్చకుండా చూడడం. బయటి నుంచి లోపలికి వెళ్ళాలి: పేరు సరైన ఐపీ చిరునామాకు దారి తీస్తోందా, పోర్టు తెరిచి ఉందా, వెబ్ సర్వర్ పలుకుతోందా, దాని వెనుక వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీ పలుకుతోందా, దాని వెనుక డేటాబేస్ పలుకుతోందా. పేజీ బదులు 502 అన్న లోపం సంఖ్య వస్తే ఎన్‌జిన్‌ఎక్స్ బాగానే ఉంది, దాని వెనుక ఉన్నది పడిపోయింది. 504 వస్తే వెనుక ఉన్నది బతికే ఉంది గానీ వేళకు జవాబు ఇవ్వడం లేదు. పెద్ద బొమ్మ ఎక్కిస్తుంటే 413 వస్తే, అది ఎన్‌జిన్‌ఎక్స్ స్వతహాగా విధించే 1 మెగాబైటు పరిమితి. డేటాబేస్‌తో కనెక్షన్ కుదరలేదని వర్డ్‌ప్రెస్ చెప్పగానే చాలామంది పాస్‌వర్డును అనుమానిస్తారు. నిన్నటిదాకా పనిచేసిన పాస్‌వర్డు ఈ రోజు తనంతట తాను మారదు. చిన్న సర్వర్లలో ఎక్కువగా జరిగేది, మెమరీ చాలక లైనక్స్ కెర్నెల్ ఎక్కువ మెమరీ పట్టిన ప్రక్రియను, అంటే తరచుగా డేటాబేస్‌నే, ఆపివేయడం. కెర్నెల్ లాగ్‌లో ఆ సంగతి స్పష్టంగా రాసి ఉంటుంది. డేటాబేస్‌ను మళ్ళీ మొదలుపెడితే సైటు లేస్తుంది గానీ కారణం అక్కడే ఉంటుంది: ఒక్కో పీహెచ్‌పీ ప్రక్రియ 60 మెగాబైట్లు తీసుకుంటూ ఉండగా 20 ప్రక్రియలకు అనుమతిస్తే 1,200 మెగాబైట్లు కావాలి, 1 గిగాబైటు యంత్రంలో ఆ లెక్క ఎన్నటికీ కుదరదు.

డిస్కు నిండిపోవడం మరో పాత శత్రువు. లాగ్ ఫైళ్ళను వారం వారం మడతపెట్టే లాగ్‌రొటేట్ నడుస్తోందో లేదో చూడండి. పెద్ద లాగ్ ఫైలును చెరిపినా చోటు తిరిగి రాకపోతే, ఏదో ప్రక్రియ ఇంకా దాన్ని తెరిచి పట్టుకుందని అర్థం; ఆ ప్రక్రియను రీస్టార్ట్ చేస్తే చోటు విడుదలవుతుంది. చోటు ఉందని కనిపిస్తున్నా డిస్కు నిండిందన్న సందేశం వస్తే ఐనోడ్ల (ఒక్కో ఫైలు వివరాలను ఉంచే నమోదుల) సంఖ్యను చూడాలి. లక్షలాది చిన్న సెషన్ ఫైళ్ళు పేరుకుపోతే గిగాబైట్లు మిగిలి ఉన్నా కొత్త ఫైలు పుట్టడానికి ఐనోడ్ మిగలదు. ఒకసారికి ఒక మార్పే చేసి, చేసిన దాన్ని వేళతో సహా రాసుకోవడం అప్పటికి ఆలస్యంలా తోచినా, ఐదు మార్పులు ఒకేసారి చేసి ఏది పనిచేసిందో తెలియక వారం తరువాత అదే చోటికి రావడం కన్నా నయం.

భద్రతకు చేయవలసినవి కొద్దే: సర్వర్‌లోకి దూరం నుంచి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్‌లో పాస్‌వర్డు ప్రవేశాన్ని ఆపి తాళంచెవి ఫైలుతో మాత్రమే వెళ్ళడం, వాడని ప్లగిన్‌లను నిలిపి ఉంచడం కాక పూర్తిగా తీసివేయడం, భద్రతా నవీకరణలను వాటంతట అవే జరగనివ్వడం. వర్డ్‌ప్రెస్ 2013 నాటి 3.7 నుంచి చిన్న నవీకరణలను తానే చేసుకుంటుంది, దాన్ని ఆపవద్దు. పీహెచ్‌పీ వెర్షన్ గడువును మాత్రం మనమే గమనించాలి. 7.4కు 2022 నవంబరులో మద్దతు ముగిసింది, ఇప్పటికీ దాని మీదనే నడిచే సైట్లను చూస్తుంటే నాకు బెంగగా ఉంటుంది.

నా దగ్గర ఇప్పుడు ఒక పాఠ్య ఫైలు ఉంది. ఖాళీ సర్వర్ నుంచి సైటు తెరుచుకునే దాకా చేయవలసిన ప్రతి అడుగూ అందులో వరుసగా రాసి ఉంటుంది. సర్వర్‌లో ఏది మార్చినా ముందు ఆ ఫైల్లో రాసి, తరువాతే ఆదేశం నడుపుతాను. కిందటి నెల దాన్ని మాత్రమే చూస్తూ కొత్త యంత్రం మీద సైటును నిలబెట్టాను. టపాలు, బొమ్మలు, అక్షరాలు అన్నీ వచ్చాయి. వేళ నిర్ణయించి పెట్టిన టపా ఒకటి మాత్రం వెలువడలేదు: వర్డ్‌ప్రెస్ తన వేళాపట్టికను ఎవరైనా పేజీ తెరిచినప్పుడే చూసుకుంటుంది, ఆ ప్రయోగపు యంత్రానికి వచ్చేవారెవరూ లేరు. అసలు సర్వర్‌లో ఆ పనిని క్రాన్ చేస్తోంది. ఆ పంక్తి నా పేరిట ఉన్న క్రాన్ పట్టికలో కాక, సర్వాధికార ఖాతా అయిన రూట్ పట్టికలో ఉండడంతో బ్యాకప్‌లోకి రాలేదు. ఫైల్లో 14వ అడుగుగా దాన్ని చేర్చి, ప్రయోగపు యంత్రాన్ని చెరిపి, మొదటి అడుగు నుంచి మళ్ళీ నడిపాను.