గింజ నుంచి మాంగోస్టీన్: మొదటి మూడేళ్ల లాగ్

నెమ్మదిగా కాపుకొచ్చే పండ్లచెట్లలో గింజ వేసి పెంచడానికి అన్నిటికన్నా తగినది మాంగోస్టీన్, దళసరి ఊదా తొక్కలో తెల్లటి తొనలుండే పండు. రాంబుటాన్ గింజ వేస్తే మొలిచింది మగచెట్టో ఆడచెట్టో పూత వచ్చేదాకా తెలీదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి రాదు. మాంగోస్టీన్‌తో ఆ బెంగ లేదు. దాని గింజ ఫలదీకరణతో పని లేకుండా తల్లి కణజాలం నుంచే తయారవుతుంది. మగచెట్లన్నవే కనిపించవు. తిన్న పండు ఎలా ఉందో, దాని గింజ నుంచి వచ్చిన చెట్టు పండూ అలాగే ఉంటుంది. ఓపిక మాత్రం కావాలి: మొదటి కాపు మామూలుగా ఎనిమిది నుంచి పదేళ్లకి, పరిస్థితులు కుదరకపోతే పదిహేనేళ్లకి.

ఈ ఆలస్యానికి మూలం వేరులో ఉంది. మాంగోస్టీన్ వేళ్లకు నూగువేళ్లు ఉండవు, కొమ్మలు తక్కువ, ముట్టుకుంటే పుటుక్కున విరుగుతాయి. పైన ఆకు మాడినా, చిగురు ఆగినా, మొక్క ఉన్నట్టుండి వాలిపోయినా ముందు వేరు సంగతే చూడాలి. కింద రాసినవన్నీ ఆ వేరు చుట్టూ తిరిగే జాగ్రత్తలే.

మొక్కలు రెండు చోట్ల ఉన్నాయి. కొన్ని హైదరాబాద్‌లో మిద్దె మీద, కొన్ని కోనసీమలో కొబ్బరిచెట్ల నీడన. గింజలు ఒకటే, మట్టి ఒకటే, గాలీ నీళ్లూ వేరు.

జులై: పండు, గింజ

కేరళ పండు జూన్ నుంచి ఆగస్టు దాకా దొరుకుతుంది. గింజ కోసమైతే థాయ్‌లాండ్ పండు కన్నా అదే మేలు, ఎందుకంటే కోల్డ్ స్టోరేజీలో ఎక్కువ రోజులున్న పండులో గింజ చల్లదనానికి దెబ్బతినే అవకాశం ఎక్కువ. ముచ్చిక పచ్చగా ఉండాలి, బొటనవేలితో నొక్కితే తొక్క కాస్త లోపలికి పోవాలి. రాయిలా బిగుసుకుపోయిన పండు పాతదన్నా అవుతుంది, చలికి దెబ్బతిన్నదన్నా అవుతుంది.

పండు అడుగున పువ్వులాంటి గుర్తుంటుంది. దానికి ఎన్ని రేకులుంటే లోపల అన్ని తొనలు, నాలుగు నుంచి ఎనిమిది దాకా. గింజ అన్నిట్లో ఉండదు. అన్నిటికన్నా లావుగా ఉన్న ఒకటి రెండు తొనల్లోనే పనికొచ్చే గింజ దొరుకుతుంది, మిగతావి పలచటి తప్పగింజలు. చిన్న డిజిటల్ కాటా మీద తూచాలి. ఒక గ్రాము, అంతకు మించి ఉన్నవే ఉంచుకోవాలి. అర గ్రాము గింజ మొలిచినా మొదటి వేసవి దాటడం కష్టం, దానిలో నిల్వ ఆహారం చాలదు.

గింజ ఎండకూడదు. ఇది బీరగింజలా దాచుకునేది కాదు, ఫ్యాన్ గాలికి నాలుగైదు రోజులుంటే చచ్చిపోతుంది. వెంటనే వేసే వీలు లేకపోతే పండు కోయకుండా ఉంచడమే మంచి నిల్వ పద్ధతి.

తొన తినేశాక గింజకు పీచుతో కూడిన గుజ్జు అంటుకుని ఉంటుంది. నీళ్లలో వేళ్లతో రుద్దుతూ తీయాలి, గోరు తగలనివ్వకూడదు. ఒకరోజు మామూలు నీళ్లలో నానబెట్టి మళ్లీ రుద్దితే మిగిలిన పీచు ఊడిపోతుంది. బూడిద రాయొద్దు, అది క్షారం.

తరువాత తడి కోకోపీట్‌తో (కొబ్బరి పీచు పొడి) జిప్ కవర్లో పెట్టాలి. కోకోపీట్‌ను పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. గింజను పడుకోబెట్టి, పైన సెంటీమీటరు మందాన కోకోపీట్ కప్పి, కవరు వంటింటి అలమర మీద పెడితే సరిపోతుంది. 28 నుంచి 32 డిగ్రీల వేడి కావాలి. నాలుగు రోజులకోసారి తెరిచి గాలి తగలనివ్వాలి. గింజ మీద తెల్లటి బూజు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, గట్టిగా ఉన్నంతవరకు కడిగి మళ్లీ పెట్టొచ్చు. నొక్కితే మెత్తబడి వాసన వస్తే పారేయాలి.

మూడో వారం నుంచి: మొలక

చాలా గింజలు మూడు వారాలకు కదులుతాయి, ఆలస్యంగా వచ్చేవి ఆరు వారాలు తీసుకుంటాయి. మొలిచే తీరు విచిత్రంగా ఉంటుంది. గింజ ఒక కొసన వేరు వస్తుంది, రెండో కొసన మొలక లేస్తుంది. కొన్నాళ్లకు ఆ మొలక మొదట్లోంచి ఇంకో వేరు దిగుతుంది. ఇకమీదట అసలు వేరు ఇదే. మొదట వచ్చిన వేరు మెల్లగా గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంది. కుళ్లు పట్టిందనుకుని చాలామంది ఇక్కడే మొక్కను పీకి కడిగి కొత్త వేరు విరగ్గొడతారు. ఎండే వేరును అలాగే వదిలేయాలి.

గింజను కూడా మొక్క నుంచి తీయకూడదు. మట్టిలోనే ఉండి నెలల తరబడి తిండి పెడుతుంది. చీమలో పురుగో మొలకను కొరికేసినా గింజ గట్టిగా ఉంటే మరో మొలక వేస్తుంది. ఒక్కో గింజ రెండు మూడు మొలకలు వేస్తుంది. బలమైనది ఒకటి ఉంచి మిగతావి మట్టి దగ్గర బ్లేడుతో కోయాలి. లాగితే ఉంచుకున్నదాని వేరూ కదులుతుంది.

వేరు రెండు మూడు సెంటీమీటర్లు ఉన్నప్పుడే కవర్లోంచి కుండీకి మార్చాలి. అంతకంటే పెరిగితే మార్చేటప్పుడు కొస విరుగుతుంది.

పైపు కుండీ

ఆకులు నాలుగే ఉన్నా కింద వేరు జానెడు దాటి ఉంటుంది. అందుకే నర్సరీల్లో వాడే చిన్న కవర్లలో అది అడుగున చుట్ట చుట్టుకుపోతుంది. నాలుగంగుళాల పీవీసీ డ్రైనేజీ పైపును 16 అంగుళాల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను నిలువునా రెండు చెక్కలు చేసి, మళ్లీ కలిపి మూడు చోట్ల కట్టుతీగతో బిగించాలి. అడుగున షేడ్ నెట్ ముక్క రెండు మడతలు కట్టాలి. ఇందులో మూడు లీటర్ల మట్టి పడుతుంది. మొక్కను మార్చే రోజున తీగలు కోసి చెక్కలు విడదీస్తే మట్టిముద్ద చెక్కుచెదరకుండా వస్తుంది. ఈ ఒక్క ఏర్పాటు చేసుకుంటే మార్పిడిలో మొక్కలు పోవడం దాదాపు ఉండదు.

మట్టి కొలత పరిమాణంలో: కోకోపీట్ రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒకటి, ముతక ఏటి ఇసుక ఒకటి, రెండేళ్లు మాగిన ఆకు ఎరువు ఒకటి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది, అది పోయేదాకా మూడు నాలుగుసార్లు నానబెట్టి పిండాలి. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ఉంటే పిండిన నీళ్లు చూడాలి, 300 పీపీఎం లోపుకి దిగాక వాడుకోవచ్చు. నల్లరేగడి వద్దు, అందులో సున్నం ఎక్కువ. సముద్రపు ఇసుక అసలే వద్దు. కుండీకి పది గ్రాముల వామ్ (వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం) వేరు దగ్గర వేయాలి. నూగువేళ్లు లేని మొక్కకి భాస్వరం అందించేది ఎక్కువగా ఈ శిలీంధ్రమే. కోళ్ల ఎరువు వేడి చేస్తుంది, మొదటి రెండేళ్లూ దూరం పెట్టాలి.

నీళ్లు

హైదరాబాద్ మొక్కలకూ కోనసీమ మొక్కలకూ మొదట తేడా కనిపించేది నీళ్ల దగ్గరే. మాంగోస్టీన్‌కి 5.5 నుంచి 6.5 పీహెచ్ నేల ఇష్టం. నీలగిరుల్లో బర్లియార్, కల్లార్, తమిళనాడులోనే కుర్తాళం, కేరళలో చాలకుడి నది ఒడ్డు, మన దేశంలో ఇది బాగా కాసే చోట్లన్నీ ఆమ్ల నేలలూ తేమ గాలీ ఉన్నవే. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరునీళ్లు గట్టివి. వాటితోనే పోస్తే మూడు నాలుగు నెలల్లో రెండు రకాల లక్షణాలు వస్తాయి. పాత ఆకు కొస ముందు గోధుమరంగుకు తిరిగి, ఆ మాడు అంచుల వెంట వెనక్కి పాకితే అది ఉప్పు. కొత్త ఆకు ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా వస్తే అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము ఉన్నా క్షారం వల్ల వేరు తీసుకోలేదు. మొదటిదానికి ఇనుము వేసినా, రెండోదానికి నీళ్లు ఎక్కువ పోసినా లాభం లేదు, అందుకే ఏ ఆకు మీద వచ్చిందో ముందు చూసుకోవాలి.

వాననీళ్లు పట్టి డ్రమ్ములో నింపుకోవడం అన్నిటికన్నా మేలు. ఆర్వో ఫిల్టరు నుంచి వచ్చే మంచినీళ్లు పనికొస్తాయి, అది బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, వేసవిలో అవే బాగా ఆదుకుంటాయి. బోరునీళ్లు తప్పనప్పుడు పది లీటర్లకు రెండు మూడు గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, పీహెచ్ పట్టీతో చూసి 6 నుంచి 6.5 మధ్యకి తేవచ్చు. దీనివల్ల క్షారం తగ్గుతుంది గానీ ఉప్పు తగ్గదు. అందుకని నెలకోసారి కుండీకి ఐదారు లీటర్ల వాననీళ్లో ఆర్వో నీళ్లో నెమ్మదిగా పోసి అడుగునుంచి కారిపోనివ్వాలి.

పైపు కుండీకి మామూలు రోజుల్లో రెండు రోజులకోసారి 150 నుంచి 200 మి.లీ., ఎండాకాలంలో రోజూ. వేలు రెండు కణుపుల లోతు దించితే తడి తగలాలి, బురద తగలకూడదు. నీళ్లు నిలిస్తే వేరు నల్లబడి పైతోలు ఊడుతుంది, ఆకు పచ్చగా ఉండగానే వేలాడిపోతుంది. ఆ వాలును దాహం అనుకుని ఇంకా నీళ్లు పోస్తే మొక్క దక్కదు.

మొదటి ఎండాకాలం

మార్చి వచ్చేసరికి మొక్క 10 నుంచి 15 సెంటీమీటర్లు, మూడు నాలుగు జతల ఆకులు. చలికాలంలో ఏమీ కదలదు. రాత్రి వేడి 20 డిగ్రీల కిందకి వెళ్తే చిగురు నిద్రపోతుంది. డిసెంబరు, జనవరిల్లో హైదరాబాద్ మొక్కలు చిగురు వేయకపోవడం సహజం, ఎరువు వేసి లేపాలని చూస్తే వేరుకే దెబ్బ.

ఏప్రిల్, మే నెలల్లో మిద్దె మీద ఎండకన్నా వడగాలి ప్రమాదం. మధ్యాహ్నం గాలిలో తేమ పడిపోతే, మట్టి తడిగా ఉన్నా ఈ వేరు ఆకుకి కావలసినంత నీరు పంపలేదు. 75 శాతం షేడ్ నెట్ పైన, పడమటి వైపు తడి గోనెపట్టా తెర, కుండీలన్నీ దగ్గరగా చేర్చి కింద తడి ఇసుక ట్రే. నల్ల గ్రో బ్యాగులు ఎండకు కాలిపోతాయి, వాటికి కూడా గోనె చుట్టాలి. మొక్క మీద ప్లాస్టిక్ సీసా బోర్లిస్తే వేసవిలో లోపల ఉడికిపోతుంది. కోనసీమలో కొబ్బరి నీడ కింద ఇవేవీ అక్కర్లేదు, మట్టి మీద ఐదు సెంటీమీటర్ల కొబ్బరి పీచు కప్పితే చాలు, కాండానికి మాత్రం ఆనకూడదు.

ఎండ తగిలిన ఆకు వెంటనే చెప్పదు. రెండు రోజులకు మధ్యలో బూడిదరంగు మచ్చ వస్తుంది, తరువాత అది కాగితంలా ఎండుతుంది. ఆకు తుంచేయొద్దు, మిగిలిన పచ్చ భాగం కూడా మొక్కకు కావాలి. ఏడాదికి నాలుగైదు జతలకు మించి రాని మొక్క ఇది.

రెండో ఏడు

చిగురు జంటగా, లేత రాగిరంగులో వస్తుంది. పది పదిహేను రోజుల్లో పచ్చబడి దళసరి అవుతుంది. ఆ రాగిరంగు రోజుల్లోనే పురుగు పడుతుంది. గొంగళిపురుగు రాత్రిపూట తింటుంది, టార్చి వేసి ఏరేయడం మందుకన్నా నయం. తామరపురుగు గీరితే ఆకు అంచు ముడుచుకుని వంకరగా గట్టిపడుతుంది. లేత చిగురు మీద వేపనూనె కొట్టకూడదు, మాడుతుంది. ముదిరిన ఆకు వెనక పిండినల్లి, పొలుసు పురుగు కనిపిస్తే లీటరుకి మూడు మి.లీ. వేపనూనె, చిటికెడు సబ్బు కలిపి సాయంత్రం కొట్టాలి. చీమల బారు ఆగేదాకా పిండినల్లి మళ్లీ మళ్లీ వస్తుంది.

గింజ నిల్వ ఈ ఏటికి అయిపోతుంది కాబట్టి తిండి ఇప్పుడు మొదలవ్వాలి. 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు) లీటరుకి అర గ్రాము, పదిహేను రోజులకోసారి, చిగురు కదిలే నెలల్లో మాత్రమే. రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్ట్. కొత్త ఆకు పసుపుగా వస్తే ఈడీడీహెచ్‌ఏ రూపంలోని ఇనుము మట్టిలో వేయాలి, క్షార నేలలో మామూలు అన్నభేది త్వరగా పనికిరాకుండా పోతుంది.

రెండేళ్లకు 30 సెంటీమీటర్లంటే బాగా పెరిగినట్టే. కోనసీమ మొక్కలు ఆ ఎత్తు అందుకున్నాయి, హైదరాబాద్‌వి ఒక జత ఆకుల వెనక ఉన్నాయి. వేరు అడుగు వలను తాకకముందే, జులై వానల్లో, పైపు విప్పి 12 అంగుళాల వెడల్పు, పైపు కన్నా ఎక్కువ లోతున్న బ్యాగుకి మార్చాలి. మట్టిముద్ద కింద చెయ్యి పెట్టి దించాలి, కాండం పట్టుకుని ఎత్తకూడదు.

మూడో ఏడు

కణుపుల నుంచి మొదటి పక్కకొమ్మలు ఇప్పుడు వస్తాయి, అడ్డంగా చాచుకుంటాయి. కత్తిరించొద్దు, ఆకు ఎంత ఎక్కువైతే వేరు అంత ముందుకెళ్తుంది. నడిమి చిగురు విరిగితే మాత్రం నిటారుగా లేచే ఒక్క కొమ్మను ఎంచి కర్రకు కట్టాలి.

కాండం పెన్సిలు లావైతే కాసే చెట్టు నుంచి కొమ్మ తెచ్చి చీలిక అంటు కట్టొచ్చు, కాపు కొన్నేళ్లు ముందుకొస్తుంది. కొమ్మ నిటారుగా పెరిగేదే కావాలి. పక్కకొమ్మ తెచ్చి కడితే చెట్టు జీవితాంతం పక్కకే పాకుతుంది. అంటుచెట్టు చిన్నదిగానే ఉండిపోతుంది, కాయా తక్కువే. నేల ఉన్నవాళ్లు గింజచెట్టునే ఉంచుకోవడం మంచిది, కుండీలో పెంచేవాళ్లకు అంటు నయం.

నేలలో పెట్టేవి మీటరు గొయ్యిలో, చెట్టుకి చెట్టుకి ఎనిమిది నుంచి పది మీటర్ల ఎడంతో, కొబ్బరి వరసల నడుమ. మిద్దె మొక్కలు నాలుగో ఏట 24 అంగుళాల బ్యాగుకి వెళ్తాయి. షేడ్ నెట్‌ను 75 నుంచి 50 శాతానికి మార్చాల్సింది మబ్బు పట్టిన జులైలోనే, మొదట ఉదయపు ఎండ వైపు నుంచి.